నాన్న బాత్రూమ్ గడియ నేనే తీయించాను. తప్పు చేశానా?

పెద్దకూతురు:
నాన్నకు 79 ఏళ్లు. మతిమరుపు లేదు, చూపు బాగానే ఉంది. మూడు నెలల క్రితం రాత్రిపూట బాత్రూమ్‌లో జారిపడ్డారు. ఎముక విరగలేదు. కానీ లోపల గడియ వేసి ఉంది, తలుపు తీయడానికి 20 నిమిషాలు పట్టింది. ఆ 20 నిమిషాలూ ఆయన మూలుగు వింటూ బయట నిలబడ్డాను. మర్నాడే గడియ ఊడదీయించాను. ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. మేడ మెట్లు ఎక్కొద్దన్నాను, ఒంటరిగా వీధిలోకి వెళ్లొద్దన్నాను. గదిలో కెమెరా, మంచానికి రెండువైపులా కడ్డీలు పెట్టించాను.

నాన్న ఒక్క మాట అనలేదు. కాకపోతే బాత్రూమ్‌లో ఉన్నంతసేపూ దగ్గుతున్నారు. జలుబేమో అనుకున్నాను. మొన్న అర్థమైంది, ఎవరూ తలుపు తోసుకుని రాకుండా ఆ దగ్గు. గడియ ఉన్న చోట నాలుగు స్క్రూ రంధ్రాలు అలాగే ఉన్నాయి. అటు చూడలేకపోతున్నాను.

నిన్న "మేడ మీదికి వెళ్లిరానా?" అని నన్ను అడిగారు. పదో తరగతి అయ్యాక నన్ను ఒంటరిగా రైలెక్కించిన మనిషి!

మళ్లీ పడితే నన్ను నేను క్షమించుకోలేను. ఇలాగే ఉంచితే ఆయన రోజురోజుకీ ముడుచుకుపోతున్నారు. ఎక్కడ ఆగాలో చెప్పండి.

ఫిజియో:
ముందు ఆ కడ్డీల సంగతి చూడండి. రాత్రి లేవాలనుకున్న మనిషి వాటి మీదుగా దిగబోతే, మంచం కంటే ఎక్కువ ఎత్తు నుంచి పడతారు. ఇక మెట్లు మాన్పిస్తే కాళ్లలో కండ తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. ఆ కొద్ది రోజుల్లోనే కాళ్ల కండ దాదాపు కిలో తగ్గిపోయింది. మరోవైపు, బ్యాలెన్స్ వ్యాయామాలతో సహా వృద్ధులకు రకరకాల వ్యాయామాలు చేయించిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే పడిపోవడం దాదాపు 23 శాతం తగ్గిందని 2019లో తేలింది.

గడియ బదులు బయటి నుంచి నాణెంతో తిప్పి తీసే తాళం పెట్టించండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్పించండి, లేకపోతే పడ్డ మనిషే తలుపుకు అడ్డమవుతారు. రాత్రి లేచినప్పుడు తల తిరుగుతోందేమో అడిగి, బీపీ మందులు వాడుతుంటే ఒకసారి డాక్టరుకు చూపించండి.

మరో ఇంటి చిన్నకూతురు:
నేను ఒప్పుకోను. మా అమ్మ చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. ఆమె ఇష్టమని వదిలేశాం. పెరట్లో పడి నాలుగు గంటలు అక్కడే ఉండిపోయింది, తుంటి విరిగింది. ఆ తర్వాత ఏడు నెలలు మంచం పక్కన కూర్చున్నది నేను. పడటం ఒక ఎత్తయితే, ఎవరూ చూడకుండా నేల మీద ఉండిపోవడం ఇంకో ఎత్తు. కనీసం నొక్కితే మీ ఫోన్ మోగే బటన్ ఒకటి ఆయన మెడలో ఉండాలి.

రిటైర్డ్ టీచర్:
అమ్మా, నాకు 81. ఈ విషయంలో నేను మీ నాన్నగారి పక్షమే. మా అబ్బాయి కెమెరా పెట్టినప్పుడు చొక్కా మార్చుకోవడానికి కూడా బీరువా తలుపు చాటుకు వెళ్లేవాణ్ణి. ఆ బటన్ మాత్రం నా మెడలోనూ ఉంది. ఎప్పుడు నొక్కాలో నా చేతిలో ఉంటుంది కాబట్టి బరువనిపించదు. 1972లో రాబర్ట్ పెర్స్కే అనే ఆయన వైకల్యం ఉన్నవాళ్ల గురించి రాస్తూ, మామూలు జీవితంలో ఉండే రిస్కులన్నీ తీసేస్తే మనిషి గౌరవం కూడా పోతుందని వాదించారు. నా వయసువాళ్లకూ అది వర్తిస్తుంది.

మమ్మల్నందరినీ అడిగారు. ఆయన్ని అడిగారా?

పెద్దకూతురు:
అడగలేదండీ. మీరు రాశాక ఆ రాత్రే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "ముందు ఆ కడ్డీలు తీయించు, జైల్లా ఉంది" అన్నారు. కెమెరా హాల్లోకి మార్చాం. మెట్లెక్కేటప్పుడు నాకు చెబుతారు, పర్మిషన్ మాత్రం అడగరు. బటన్ వేసుకోవడానికి వెంటనే ఒప్పుకున్నారు. ఒంటరిగా వీధిలోకి వెళ్లే విషయం ఇంకా తేలలేదు, దాని మీద ఇద్దరం గొడవపడ్డాం కూడా.

ఈ ఉదయం వడ్రంగి కొత్త తాళం బిగించాడు. నాన్న లోపలికి వెళ్లి వేసుకుని, నన్ను బయటి నుంచి నాణెంతో తీయమన్నారు. రెండుసార్లు తీయించారు. తర్వాత స్నానానికి వెళ్లారు. దగ్గు లేదు. నీళ్ల చప్పుడు వినపడేదాకా నేను హాల్లోనే నిలబడ్డాను.