వాగు మీద ఆర్చి వంతెన త్వరగా కట్టే పద్ధతి గురించి తెలిసినవారు చెప్పగలరా?

మాది నల్గొండ జిల్లా, హాలియా వైపు చిన్న ఊరు. ఊరికీ మెయిన్ రోడ్డుకీ మధ్య దాదాపు 12 మీటర్ల వాగు. ఉన్నది లో లెవల్ కాజ్‌వే. గట్టి వాన పడితే మునిగిపోతుంది. పోయిన వానాకాలం నిండు చూలాలైన మా వదినను ట్రాక్టర్ మీద దాటించాం. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

ఉత్తర ఐర్లాండ్ బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ వాళ్ళు రూపొందించిన ఫ్లెక్సీఆర్చ్ అనే ఆర్చి వంతెన పద్ధతి గురించి చదివాను. ఒకవైపు సన్నగా ఉండే కాంక్రీట్ దిమ్మెలను వరసగా పేర్చి, పైన పాలిమర్ మెష్‌తో (ప్లాస్టిక్ లాంటి వలతో) కలిపి, బల్లపరుపుగానే లారీలో తెస్తారట. క్రేన్ ఎత్తగానే బరువుకు అదే వంగి ఆర్చి అవుతుంది. కింద సెంట్రింగ్ అక్కర్లేదు, లోపల ఇనుప చువ్వలుండవు కాబట్టి తుప్పు భయం లేదు. వాగులో నీళ్ళు తక్కువున్న నెలల్లోనే పని అయిపోతుందని ఆశ.

నా భయం ఒక్కటే. ఆర్చి రెండు పక్కల గట్లను బయటికి నెడుతుంది కదా. మాకు ఒక ఒడ్డున రాయి తగులుతుంది, రెండో ఒడ్డు నల్లరేగడి. అటువైపు పునాది ఎలా వేయాలి? వరదకు కొట్టుకొచ్చే తుమ్మకొమ్మలు ఆర్చికి అడ్డుపడకుండా ఎంత ఎత్తు వదలాలి? ముడతల ఉక్కు రేకుల ఆర్చి ఇంతకంటే నయమా? ఇలాంటి పని చేసిన ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. గ్రామసభలో అర్జీ పెట్టే ముందు సరిగ్గా తెలుసుకోవాలని ఉంది.