కార్తీక వనభోజనాలు ఈసారి అసో అగ్నిపర్వతం దగ్గర: జపాన్‌లో తెలుగు వాలంటీర్ల చర్చ

రూటు బాధ్యత, కుమామోతో

అందరికీ నమస్కారం. ఏటా వనభోజనాలంటే టోక్యోలో ఏదో పార్కుకి పోవడం, పట్టా పరవడం, తిని అంత్యాక్షరి ఆడి ఇంటికి రావడం. ఈసారి క్యూషూ దీవిలో, అసో చుట్టూ, మూడు రోజులు నడుద్దామని పోయిన మీటింగులో అనుకున్నాం కాబట్టి ప్లాను పెడుతున్నాను. నవంబరు 21 శనివారం నుంచి 23 సోమవారం దాకా. 23న ఇక్కడ సెలవే, పైగా కార్తీక సోమవారం.

ముందే ఒక మాట. ఇది బస్సు టూరు కాదు, జెండా పట్టుకుని ముందు నడిచే గైడు ఉండడు. ఐదారుగురు ఒక జట్టు. ప్రతి జట్టులో జపనీస్ చదవగలిగినవాళ్లు ఒకరుండాలి. మ్యాపు, రైలు టైములు, ఎక్కడ ఏం చూడాలో నేను రాసిస్తాను. ఎవరి నడక వాళ్లది, సాయంత్రం భోజనానికి మాత్రం అందరం ఒకచోట.

శనివారం: మధ్యాహ్నానికి అసో చేరడం. టోక్యో వాళ్లకు కుమామోతో దాకా విమానం, ఒసాకా వాళ్లకు బుల్లెట్ రైలు, అంటే షింకన్‌సెన్. కుమామోతో నుంచి హోహి లైను రైలెక్కితే తాతెనో దగ్గర రైలు ముందుకీ వెనక్కీ జడలా మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. అది ఎక్కి దిగేది మామూలు కొండ కాదు, ఒక పెద్ద అగ్నిపర్వతపు అంచు. లోపలికి వెళ్లాక ఊళ్లు, వరి పొలాలు, బళ్లు, ఆస్పత్రులు అన్నీ ఉంటాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 25 కిలోమీటర్లు, తూర్పు పడమరలు 18 కిలోమీటర్ల గుంట అది. సుమారు 90 వేల ఏళ్ల కిందట పేలిన పేలుడుకి భూమి లోపల ఖాళీ అయి, పైభాగం కుంగిపోయి అలా అయింది. మధ్యలో నకాదాకే శిఖరం ఇప్పటికీ పొగలు కక్కుతూనే ఉంది.

సాయంత్రం మియాజి స్టేషను నుంచి అసో గుడి దాకా తీరిగ్గా నడక. గుడి ముందు వీధిలో కొట్టు కొట్టుకీ ఊట నీళ్ల తొట్లు ఉంటాయి, సీసా నింపుకోవచ్చు. 2016 ఏప్రిల్ భూకంపానికి ఆ గుడి రెండంతస్తుల ద్వారం కుప్పకూలింది. పాత కలపే ఏరి, పేర్చి, మళ్లీ కట్టి 2023 డిసెంబరులో తెరిచారు. ఏ ముక్క పాతదో ఏది కొత్తదో దగ్గరికెళ్లి చూస్తే రంగులో తెలుస్తుంది.

ఆదివారం కుసాసెన్రి గడ్డి మైదానం, కిషిమాదాకే కొండ. సోమవారం అసాజి నుంచి తాకెతా దాకా 12 కిలోమీటర్ల నడక. వివరాలు తర్వాత రాస్తాను. ముందు ఎవరికేం సందేహాలున్నాయో అడగండి.

యువజన విభాగం, నగోయా

అన్నా, ప్లాను సూపర్. కానీ సకురాజిమా అగ్నిపర్వతం ఎక్కడ? అంత దూరం వచ్చి అది చూడకపోతే ఎలా? కుమామోతో నుంచి కగోషిమాకి షింకన్‌సెన్‌లో గంట కూడా పట్టదు, ఫెర్రీ ఇంకో పావుగంట. ఆదివారం సాయంత్రం వెళ్లొచ్చేద్దాం.

రూటు బాధ్యత

తమ్ముడూ, కుమామోతో నుంచి గంటే. మనం ఉండేది అసోలో, అక్కణ్నుంచి కుమామోతో రావడానికే గంటకి పైన. పిల్లా పాపలతో ఆ లెక్క ఎప్పుడూ తేలదు. సకురాజిమా గొప్పదే, కాదనను. 1914లో పేలినప్పుడు లావా సముద్రాన్ని పూడ్చేసి, దీవి కాస్తా పక్క భూమికి అతుక్కుపోయింది. అక్కడి కురొకామిలో మూడు మీటర్ల గుడి తోరణం బూడిదలో కూరుకుపోతే ఇప్పుడు మీటరు మాత్రమే పైకి కనిపిస్తుంది. కానీ అది విడిగా రెండు రోజులు పెట్టుకుని వెళ్లాల్సిన ఊరు. ఫోటో దిగి వచ్చేయడానికైతే మనం ఇంత కష్టపడటం దేనికి? ఈ ట్రిప్పుకి అసో, దాని చుట్టుపక్కల. అంతే.

ఆరోగ్యం, భద్రత, సైతామా

నేను గట్టిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నకాదాకే బిలం (పొగలొచ్చే నోరు) అంచు దాకా వెళ్తామని ఎవరికీ మాట ఇవ్వొద్దు, పోస్టర్ మీద ఆ ఫోటో పెద్దదిగా వేయొద్దు. జపాన్ వాతావరణ సంస్థ అగ్నిపర్వతాలకు 1 నుంచి 5 దాకా హెచ్చరిక స్థాయిలు ఇస్తుంది. అసోకి 2 పెట్టారంటే బిలం చుట్టూ కిలోమీటరు మేర ఎవరినీ రానివ్వరు. స్థాయి 1లో ఉన్నా సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువైతే, గాలి ఇటు తిరిగితే, అప్పటికప్పుడు మూసేస్తారు. క్యూలో ఉన్నవాళ్లనూ వెనక్కి పంపేస్తారు.

ఉబ్బసం, బ్రాంకైటిస్, గుండె జబ్బు ఉన్నవాళ్లు తెరిచి ఉన్నా సరే వెళ్లకూడదు. అక్కడ బోర్డులు పెట్టేది ఊరికే కాదు. బిలం పక్కన గుమ్మటాల్లాంటి కాంక్రీటు గూళ్లు కనిపిస్తాయి, రాళ్లు పడితే దాక్కోవడానికి. 1958లో ఉన్నట్టుండి పేలి 12 మంది పోయాక కట్టడం మొదలుపెట్టారు. రిజిస్ట్రేషన్ ఫారంలో ఆరోగ్యం ప్రశ్న తప్పనిసరి చేస్తున్నాను. ‘మా అబ్బాయికి చిన్నప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు’ అనేవాళ్లు డాక్టర్ని అడిగి రండి.

రూటు బాధ్యత

నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఆదివారం ప్లానులో బిలాన్ని అదనంగానే పెట్టాను. అసలు నడక కుసాసెన్రి. అదీ ఒకప్పటి బిలమే, ఇప్పుడు గడ్డి మొలిచి మధ్యలో నీళ్లు నిలిచి ఉంటుంది. పక్కనే కిషిమాదాకేకి మెట్ల దారి, అరగంటలో పైకి చేరొచ్చు. పైనుంచి చూస్తే కింద కొమెజుకా అని పచ్చని బోర్లించిన గిన్నె లాంటి గుట్ట, నెత్తిన చిన్న సొట్ట. అసో దేవుడు బియ్యం రాశి పోసి, పేదలకు పంచడానికి పైనుంచి తీస్తే ఆ సొట్ట పడిందని కథ. ఆ గుట్ట మాత్రం ఎక్కనివ్వరు.

పొగ చూడాలంటే కుసాసెన్రి నుంచే కనిపిస్తుంది. తెరిచి ఉంటే షటిల్ బస్సులో పైకి వెళ్దాం, లేదంటే లేదు.

పిల్లల కార్యక్రమాలు, యొకొహామా

ఎలుగుబంట్ల సంగతేంటండీ? టీవీలో రోజూ అవే వార్తలు. మా ఆవిడ వద్దే వద్దంటోంది.

రూటు బాధ్యత

క్యూషూలో ఎలుగుబంట్లు లేవండీ. అంతరించిపోయాయని 2012లో పర్యావరణ శాఖ ప్రకటించింది. గంటలు కొనుక్కోవక్కర్లేదని వదినగారికి చెప్పండి. అడవిపందులున్నాయి కానీ పగటిపూట మన గోలకి అవే పారిపోతాయి. భయపడాల్సింది చలికి. కుసాసెన్రి 1,100 మీటర్ల ఎత్తు, గాలి కోసేస్తుంది. స్వెట్టరు, మంకీ క్యాపు, చేతి తొడుగులు తెచ్చుకోండి. ఐదు దాటితే చీకటే.

భోజనాలు, చిబా

నమస్తే అండీ. మీరంతా కొండలు చూడండి, నా టెన్షన్ నాది. కార్తీకమాసం కాబట్టి సగం మందికి ఉల్లి వెల్లుల్లి కూడా లేని శాకాహారం కావాలి. బయట శాకాహారం అన్నా సరే సూపులో చేపతో కాచిన దాషి రసం ఉంటుంది. అసో అంటే ఎర్రావు మాంసం, కుమామోతో అంటే పచ్చి గుర్రం మాంసం. మెనూ చదవకుండా ఎవరూ ఏదీ ఆర్డర్ చేయకండి, తర్వాత నన్ను తిట్టుకోకండి.

అందుకని హోటలు వద్దు, వంటగది ఉన్న కాటేజీలు తీసుకుందాం. శనివారం రాత్రి పప్పు, వంకాయ కూర, చారు. ఆదివారం పొద్దున్నే పులిహోర కలిపి ఎవరి డబ్బా వాళ్లకి ఇచ్చేస్తాను, అదే వనభోజనం. జపాన్ బియ్యంతో పులిహోర చేస్తే ముద్దయిపోతుంది. నీళ్లు తగ్గించి వండి, పళ్లెంలో ఆరబోసి, నూనె రాసి కలిపితే కొంత నయం. కానీ సోనా మసూరి తెచ్చేవాళ్లుంటే దానికి సాటి లేదు. చింతపండు గుజ్జు పోపుతో సహా ఇంటి దగ్గరే ఉడికించి సీసాల్లో తెస్తాను. దద్దోజనం వద్దు, ఆ చలిలో ఎవరూ తినరు.

బయట తినగలిగేది ఒకటి కనిపెట్టాను: ఇకినారి దాంగో. చిలగడదుంప ముక్క, తియ్యటి ఎర్ర బీన్స్ ముద్ద, పైన పిండి పొర, ఆవిరి మీద ఉడికిస్తారు. మన పూర్ణం కుడుముకి వరసకి చెల్లెలు. పిల్లలకి అది చాలు.

వనభోజనం ఉసిరిచెట్టు కింద చేయాలని పెద్దలు అడుగుతున్నారు. అసోలో ఉసిరిచెట్టు నేనెక్కడ తెచ్చేది? ఉసిరికాయ పచ్చడి తెస్తాను, సర్దుకోండి.

యువజన విభాగం

అక్కా, పచ్చడి ఉంటే చెట్టు ఉన్నట్టే.

సాంస్కృతిక విభాగం, టోక్యో

పౌర్ణమి దగ్గర కదా, ఆదివారం సాయంత్రం కుసాసెన్రిలో 365 వత్తుల దీపం పెడితే బాగుంటుంది. వీడియోకి కూడా అదిరిపోతుంది.

రూటు బాధ్యత

వద్దండీ, దయచేసి. నవంబరుకి ఆ గడ్డంతా ఎండిపోయి ఉంటుంది. ఆ మైదానాలు ఊరికే అలా మిగల్లేదు. ప్రతి వసంతంలో ఊళ్లవాళ్లు కలిసి ఎండుగడ్డిని తగలబెడతారు, లేకపోతే పొదలు పెరిగి అడవైపోతుంది. దానికోసం ముందు సంవత్సరం శరదృతువులోనే గడ్డి కోసి అడ్డుపట్టీలు వేసుకుంటారు, మంట గీత దాటకుండా. తరతరాలుగా చేస్తున్నవాళ్లకే అది ప్రమాదమైన పని. మనం అక్కడ అగ్గిపుల్ల గీయకూడదు. కాటేజీ వాళ్లని అడిగి, వాళ్లు సరేనంటే వంటగది సింకు పక్కన ఒక్క ప్రమిద పెట్టుకుందాం. లేకపోతే బ్యాటరీ దీపాలే.

ఇంకోటి. ఆవులు మేసే చోట్ల కంచె దాటి లోపలికి పోవద్దు, ఫోటో కోసం కూడా. గాలికుంటు లాంటి రోగాలు బూట్ల మట్టితో వెళ్తాయని వాళ్లకి భయం.

రవాణా, ఫుకుఒకా

శుక్రవారం సెలవు పెట్టగలిగినవాళ్లు ఒక పది మంది దాకా ఉన్నారు. వాళ్లకి ముందు రోజు ఏమైనా పెట్టగలమా? కుమామోతోలో కోట చూపిస్తే సరిపోతుందా?

రూటు బాధ్యత

కోట కంటే సముద్రం అవతలి షిమాబరా ఊరు వెళ్లమంటాను. కుమామోతో రేవు నుంచి ఫెర్రీలో దాదాపు గంట. ఎదురుగా ఉన్‌జెన్ కొండలు కనిపిస్తుంటాయి. వాటి ముందు, ఊరి నెత్తి మీద మయుయామా కొండ. 1792లో భూకంపానికి దాని పక్క భాగం విరిగి సముద్రంలో పడింది. లేచిన అలలు ఇవతల ఒడ్డుకి, అంటే మీరు ఫెర్రీ ఎక్కే తీరానికి వచ్చిపడ్డాయి. రెండు వైపులా కలిపి 15 వేల మంది దాకా పోయారు. రేవు దగ్గర సముద్రంలో చిన్న చిన్న దీవులు కనిపిస్తాయి, అవి ఆ కొండ ముక్కలే. డెక్ మీద నిలబడి చూడండి, లోపల కూర్చుని ఫోన్ చూసుకోకుండా.

ఊళ్లో వీధి కాలవల్లో రంగురంగుల చేపలు తిరుగుతుంటాయి, అంతా ఊట నీరు. అక్కడ కంజరాషి అని దొరుకుతుంది, చల్లటి పాకంలో చిన్న బియ్యప్పిండి ఉండలు. తినొచ్చు.

తర్వాత ఓనోకోబా బడి. ఇది నేను ఒత్తి చెబుతున్నాను, వదలొద్దు. 1990 నవంబరులో ఉన్‌జెన్ అగ్నిపర్వతం మేలుకుంది. 1991 జూన్ 3న మండుతున్న బూడిద, రాళ్లు, వాయువు కలిసి కొండ మీద నుంచి దూకినప్పుడు 43 మంది చనిపోయారు. విలేకరులు, అగ్నిమాపక దళం వాళ్లు, టాక్సీ డ్రైవర్లు, అగ్నిపర్వతాల మీద జీవితమంతా పనిచేసిన కాటియా, మోరిస్ క్రాఫ్ట్ దంపతులు, హ్యారీ గ్లికెన్. అదే ఏడాది సెప్టెంబరు 15న వచ్చిన వేడిగాలి ఈ బడిని కాల్చేసింది. ఊరు ముందే ఖాళీ చేయించారు కాబట్టి పిల్లలెవరికీ ఏమీ కాలేదు. భవనాన్ని అలాగే ఉంచారు. కిటికీల చట్రాలు వంకర్లు పోయి, తరగతి గదులు నల్లగా. వెనక తిరిగి చూస్తే అంతా చేసిన హెయ్‌సెయ్ షింజాన్ కొండ నిలబడి ఉంటుంది. అప్పటికి ముందు ఆ కొండ లేదు, 1,483 మీటర్లతో ఇప్పుడు ఉన్‌జెన్‌లో అదే ఎత్తయినది.

హారా కోట కూడా అడుగుతారని తెలుసు. 1637–38లో పన్నులకీ క్రైస్తవుల మీద హింసకీ తిరగబడ్డ రైతులు చివరికి అక్కడ ముట్టడిలో పోయారు. కానీ అది ద్వీపకల్పం దక్షిణపు కొస, ఒక్కరోజులో రెండూ కుదరవు. శుక్రవారం రాత్రి షిమాబరాలో పడుకుని శనివారం పొద్దున ఫెర్రీకి వచ్చేయండి.

పెద్దల సమన్వయం, కోబె

బాబూ, సోమవారం మేము ఉపవాసం. 12 కిలోమీటర్లు ఖాళీ కడుపుతో నడవగలమా? నా మోకాళ్ల సంగతి సరే, మీ పిన్నిగారు నక్షత్రం చూసేదాకా మంచినీళ్లే అంటుంది.

రూటు బాధ్యత

బాబాయిగారూ, మీరు మొత్తం నడవొద్దు. అదే రైల్లో రండి, అసాజి కంటే ముందే తాకెతా వస్తుంది. ఆ స్టేషన్లో దిగి, ఓకా కోటకి టాక్సీలో వెళ్లి, మాకోసం అక్కడ ఉండండి. పిన్నిగారిని పాలూ పళ్లూ అయినా తీసుకోమనండి, శివుడు ఏమీ అనుకోడు.

మిగతావాళ్లకి దారి చెబుతాను. ఇది క్యూషూ ఒల్లే అనే నడక దారుల్లో ఒకటి, పేరు ఒకుబుంగో. కొమ్మలకి నీలం, ఎరుపు రిబ్బన్లు కట్టి ఉంటాయి, వాటిని పట్టుకుని పోవడమే. చాలాసేపు రిబ్బను కనిపించకపోతే ఆఖరిసారి కనిపించిన చోటికి వెనక్కి రండి, ముందుకెళ్లి వెతకొద్దు.

ఫుకోజి గుడి దగ్గర కొండ చరియలో చెక్కిన పెద్ద అచలుడి విగ్రహం ఉంది, ఫుదో అంటారు. మన దేశం నుంచి బౌద్ధంతో పాటు వచ్చిన దేవుడే. దాటాక సోగవా దగ్గర ఏటి ఒడ్డున రాతి స్తంభాలు పక్కపక్కన పేర్చినట్టు ఉంటాయి. విగ్రహం చెక్కిన రాయి, ఈ స్తంభాలు, చివర్లో ఓకా కోట నిలబడ్డ కొండ, మూడూ ఒకటే: 90 వేల ఏళ్ల కిందట అసో కక్కిన బూడిద. బిలం నుంచి అక్కడికి 30 కిలోమీటర్ల పైనే. అంత దూరం వచ్చి పడ్డా ఇంకా వేడిగా ఉండి, తన బరువుకి తానే కరిగి అతుక్కుని రాయైంది, చల్లారుతూ నిలువునా పగిలింది. ఆదివారం బిలం మూసేశారని ఎవరైనా నొచ్చుకుంటే, సోమవారం రోజంతా దాని మీదే నడిచారని చెప్పండి.

ఆ నిలువు చరియల వల్లే 1586లో షిమజు వంశపు సైన్యం ఎంత ప్రయత్నించినా ఓకా కోటని పట్టుకోలేకపోయింది. మెయిజీ కాలంలో, అంటే 1868 తర్వాత, భవనాలు కూల్చేశారు, రాతి గోడలు మిగిలాయి. గోడల అంచున చాలాచోట్ల రెయిలింగ్ లేదు. పిల్లల చేయి వదలొద్దు, సెల్ఫీల కోసం వెనక్కి అడుగు వేయొద్దు.

పిల్లల కార్యక్రమాలు

మాది రాజమండ్రి. కాటేరు, పంగిడి క్వారీల్లో తవ్వే నల్లరాయి కూడా పాత లావాయే అని చిన్నప్పుడు మాస్టారు చెప్పారు. పిల్లలకి రాళ్ల మీద ఒక చిన్న క్విజ్ తయారుచేస్తాను. రాళ్లు ఏరి సంచిలో వేసుకోకూడదని కూడా రాస్తాను.

రవాణా

మియాజి నుంచి తాకెతా వైపు రోజుకి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని లోకల్ రైళ్లే. ఒకటి తప్పితే గంటల తరబడి కూర్చోవాలి. ఒకటి రెండు బోగీల బండి కాబట్టి అందరం ఒకేదాంట్లో పడితే ఊరివాళ్లకి చోటుండదు, జట్లను రెండు రైళ్లకి విడగొడుతున్నాను. సుయికా కార్డు పనిచేస్తుందని నమ్ముకోవద్దు, చిల్లర ఉంచుకోండి, ఎక్కగానే నంబరు చీటీ తీసుకోండి. పెద్ద సూట్‌కేసులు సోమవారం పొద్దున కాటేజీ నుంచే ఇంటికి టక్క్యూబిన్ (కొరియర్) చేసేయండి. తిరుగు ప్రయాణం తాకెతా నుంచి ఓయితా మీదుగా, వెనక్కి కుమామోతో రానక్కర్లేదు.

జమాఖర్చులు, టోక్యో

మూడు రోజుల సెలవు కాబట్టి కాటేజీలు అయిపోతాయి, అడ్వాన్సు ఈ నెలాఖరులోగా కట్టాలి. పేరు, జట్టు, ఉల్లి తింటారా తినరా, సోమవారం ఉపవాసమా, శుక్రవారం షిమాబరా వస్తారా, ఇవన్నీ ఒకే ఫారంలో పెట్టాను. నాకు విడివిడిగా మెసేజ్‌లు పెట్టకండి. వేడినీటి స్నానాల గురించి నలుగురు అడిగారు: అందరితో కలిసి బట్టల్లేకుండా అంటే మొహమాటపడేవాళ్లకి గంట లెక్కన అద్దెకిచ్చే కుటుంబ గదులుంటాయి, దానికి ఫారంలో వేరే గడి ఉంది.

భోజనాలు

సోనా మసూరి పది కిలోలు కావాలి. ఎవరు తెస్తున్నారో ఇక్కడే చెప్పండి.

యువజన విభాగం

నేను ఐదు కిలోలు తెస్తాను అక్కా. సకురాజిమా వచ్చే ఏడాదికి రాసిపెట్టండి.