ఆవును చంపి చెప్పులు దానం చేశాడా? కార్నెగీ, హోమ్‌స్టెడ్ 1892

పాత అల్మారా:
మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టులో ఆండ్రూ కార్నెగీని ‘మహాదాత’ అని రాసింది. ఒక్క అమెరికాలోనే 1,600 పైచిలుకు లైబ్రరీలకు డబ్బిచ్చాడు, కాదనను. కానీ పెన్సిల్వేనియాలో ఆయన ఉక్కు మిల్లు హోమ్‌స్టెడ్‌లో 1892లో జరిగిన సమ్మె, కాల్పుల గురించి చదివాక నాకు ఆ సామెతే గుర్తొచ్చింది. నేను మరీ కఠినంగా ఆలోచిస్తున్నానా?

నదిగట్టు:
కొంచెం కఠినమేనండీ. యూనియన్‌ని బయటికి నెట్టి గేట్లు మూసిందీ, జులై 6 తెల్లవారుజామున రెండు బార్జీల్లో 300 మంది పింకర్టన్ ఏజెన్సీ అద్దె కాపలాదారుల్ని నదిమీద రప్పించిందీ ఆయన కంపెనీని నడిపే హెన్రీ ఫ్రిక్. కార్నెగీ అప్పటికి స్కాట్లాండ్‌లో ఉన్నాడు. మేనేజరు చేసినదంతా ఓనరు నెత్తిన రుద్దితే ఎలా?

కొలిమి:
ఊళ్ళో లేను, నాకేం తెలీదు అనడం పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమే. ‘ఇకపై ఈ మిల్లులో యూనియన్ ఉండదు’ అనే నోటీసు ముసాయిదా ఆ ఏప్రిల్‌లోనే రాసిపెట్టింది ఆయనే. ఫ్రిక్ దాన్ని అంటించలేదు, అంతే. పొరుగువాడి ఉద్యోగం లాక్కోకూడదన్నది కార్మికుల నీతి అని 1886లో పత్రికకు వ్యాసం రాసిన పెద్దమనిషి కూడా ఈయనే! ఇక ఫ్రిక్ మిల్లు చుట్టూ ఎత్తైన చెక్క కంచె, పైన ముళ్ళతీగ, మధ్యమధ్య తుపాకీ గొట్టం పట్టేంత కంతలు. ఊళ్ళోవాళ్ళు దానికి ‘ఫోర్ట్ ఫ్రిక్’ అని పేరు పెట్టారు. బేరానికి కూర్చునేవాడు కట్టే గోడేనా అది?

లెక్కల మాస్టారు:
యూనియన్ మరీ అమాయకమేం కాదు. మిల్లులో 3,800 మంది ఉంటే అమాల్గమేటెడ్ అసోసియేషన్ అనే ఈ యూనియన్‌లో సభ్యులు 800 లోపే, వాళ్ళూ పనితనం ఉన్నవాళ్ళే. మామూలు కూలీలకు అందులో చోటు లేదు. అసలు గొడవ ఇదీ: ఉక్కు బిల్లెట్ (దిమ్మె) ధరను బట్టి వీళ్ళ కూలి పెరిగేది, తగ్గేది. మార్కెట్ ఎంత పడిపోయినా ధరను టన్నుకు 25 డాలర్ల కంటే తక్కువగా లెక్కకట్టకూడదని పాత ఒప్పందం. కంపెనీ 22 అని మొదలెట్టి 23కి వచ్చింది, యూనియన్ 24 దగ్గర ఆగింది. కొత్త యంత్రాలతో సరుకు ఎక్కువ వస్తున్నప్పుడు టన్నుకింత అనే రేటు తగ్గించమనడం అన్యాయమేమీ కాదు. అయితే ఇంకో షరతు ఉంది, అది మాత్రం నాకూ నచ్చదు. ఒప్పందం ముగిసే తేదీని జూన్ చివర నుంచి డిసెంబరు చివరికి మార్చమన్నారు. పెన్సిల్వేనియా మంచులో, ఇంట్లో బొగ్గు కొనుక్కోవాల్సిన రోజుల్లో సమ్మెకు ఎవరు దిగుతారు?

కొలిమి:
మాస్టారూ, మీ లెక్క ప్రకారమే తేడా ఒక్క డాలరు. దానికి 300 తుపాకులా? చోటు లేదన్న ఆ మామూలు కూలీలు, స్లోవాక్ వలసవాళ్ళతో సహా, యూనియన్ వాళ్ళతో పాటే నిలబడ్డారు. వాళ్ళ కూలికీ ఆ రేటుకీ సంబంధమే లేదు! ఆ రోజు రెండువైపులా కలిపి సుమారు పదిమంది పోయారు. తర్వాత గవర్నరు 8,000 మందికి పైగా మిలీషియాను, అంటే రాష్ట్ర సైనికుల్ని, దించాడు, నవంబరుకల్లా సమ్మె చల్లారింది. ఆ తర్వాత 12 గంటల పని, షిఫ్టు మారే రోజైతే వరసగా 24 గంటలు.

నదిగట్టు:
జులై 23 సంగతి వదిలేశారు. బెర్క్‌మన్ అనే అరాచకవాది ఫ్రిక్ ఆఫీసులోకి దూరి కాల్చాడు. ఫ్రిక్ బతికాడు. బెర్క్‌మన్‌కి యూనియన్‌తో సంబంధం లేదు, అయినా జనంలో కార్మికుల మీదున్న జాలి తగ్గింది. సమ్మె ఓడిపోవడంలో దానికీ వాటా ఉంది.

పిట్స్‌బర్గ్ కోడలు:
మిల్లు స్థలం ఇప్పుడు షాపింగ్ సెంటర్ అండీ. పాత చిమ్నీలు 12 వరసగా అలాగే ఉంచారు, పిల్లలు లెక్కపెట్టుకుంటూ నడుస్తారు. బార్జీలు ఆగిన చోట పంప్ హౌస్ కూడా ఉంది. కాస్త ఎగువన కార్నెగీ 1898లో తెరిచిన లైబ్రరీ, లోపల ఈతకొలను, మ్యూజిక్ హాలు. చక్కటి బిల్డింగ్, అబద్ధం చెప్పను. కానీ 12 గంటలు కొలిమి దగ్గర నిలబడి వచ్చినవాడు ఈత కొడతాడా, నిద్రపోతాడా?

పాత అల్మారా:
అమ్మాయికి అంతా చదివి వినిపించా. ‘మహా’ కొట్టేసింది, ‘దాత’ ఉంచింది. కంచె బొమ్మ తనే గీస్తానంటోంది, కంతలతో సహా.