లద్దాఖ్‌లో ప్రభుత్వ సొమ్ము దేనికి ఖర్చవుతోందో తెలిసినవాళ్లు చెప్పగలరా?

నమస్కారం అండీ. ఎంఏ ఎకనామిక్స్ ప్రాజెక్టుకి లద్దాఖ్‌ని తీసుకున్నాను. మా తమ్ముడు లేహ్ దగ్గర సైట్ ఇంజనీరు. నవంబర్‌లో ఒకసారి వీడియో కాల్‌లో చూపించాడు: సాయంత్రం పోసిన కాంక్రీటులో నీళ్లు చలికి గడ్డకట్టకుండా కూలీలు దాని మీద గోనెసంచులు, దుప్పట్లు కప్పుతున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకే పని ఆపేశారు, మళ్లీ వేసవికే. అప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

2019లో కేంద్రపాలిత ప్రాంతమయ్యాక, 2020-21 కేంద్ర బడ్జెట్‌లో లద్దాఖ్‌కి 5,958 కోట్లు కేటాయించారు. 2011 లెక్కల ప్రకారం జనాభా మూడు లక్షల లోపే. అసెంబ్లీ లేదు కాబట్టి డబ్బు హోం శాఖ పద్దు కింద వస్తుంది. లేహ్, కార్గిల్‌లకు చెరో హిల్ కౌన్సిల్ (స్థానిక స్వయంపాలక మండలి) ఉంది. ఆర్థిక సంవత్సరమేమో మార్చి 31తో ముగుస్తుంది, అప్పటికి అక్కడ ఇంకా చలే! పని జరిగే నెలలు ఎన్నో లేవు. మరి మిగిలిన డబ్బు వెనక్కి పోతుందా?

నాకు కావలసినవి రెండు. కేటాయింపు కాకుండా అసలు ఖర్చు, వీలైతే కౌన్సిళ్ల వారీగా, ఏ పత్రాల్లో దొరుకుతుంది? రోడ్లు, సొరంగాల ఖర్చులో స్థానికుల చేతికి కూలిగానో కాంట్రాక్టుగానో ఎంత అందుతుందో ఎలా అంచనా వేయాలి? కశ్మీర్‌ని లద్దాఖ్‌తో కలిపే జోజిలా సొరంగం పనిలో మనవాళ్లు చాలామంది ఉన్నారని విన్నాను. అక్కడ పనిచేసినవాళ్లెవరైనా ఉంటే మీ అనుభవం రెండు ముక్కల్లో రాసినా చాలు. గైడ్‌కి వచ్చే నెలలోపు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.