26 అంగుళాల ఎమ్‌టీబీకి (మౌంటెన్ బైక్‌కి) రోడ్డు టైర్లు: 1.5 ఆ, 1.75 ఆ?

మద్దిలపాలెం నుంచి బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ వరకు, అప్పుడప్పుడు భీమిలి దాకా తొక్కుతాను. మట్టి దారి ఊసే లేదు. ఇప్పుడున్నవి 26×2.10 గుబ్బల టైర్లు. స్లిక్ (గుబ్బల్లేని నున్నటి టైరు) వేస్తే వానలో జారుతుందా? పాత ట్యూబులు సరిపోతాయా?

గేర్‌సైకిల్_గాజువాక:
ముందుగా టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న అంకె చూడండి. మీది 54-559 లాంటిది అయ్యుంటుంది: మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మి.మీ.లో. చివర 559 ఉన్నదే కొనాలి. కొట్లో "26 కదా" అని 26×1 3/8 చేతిలో పెడతారు, అది 590, మామూలు సైకిళ్లది. మీ రిమ్ముకి వదులైపోతుంది. దశాంశంలో రాసినదీ భిన్నంలో రాసినదీ ఒకటి కావు.

నా ఓటు 1.75కే (47-559). 1.5 కొంచెం చురుగ్గా ఉన్నా, మన గుంతలకి రిమ్ము దెబ్బతింటుంది, ట్యూబు రెండు చోట్ల చిరుగుతుంది.

పెడల్_పెందుర్తి:
వాన గురించి భయం అక్కర్లేదండీ. సైకిల్ టైరు సన్నం, గుండ్రం. మన వేగంలో నీటి మీద తేలదు. తారు మీద పట్టు రబ్బరుది, టైరు మీది గాడులది కాదు. గుబ్బలే మలుపులో వంగి జారతాయి. అసలు ప్రమాదం తడిసిన తెల్ల గీతలు, బీచ్ రోడ్డు మీద పేరుకునే ఇసుక. ఇసుక మీద బ్రేకు నొక్కొద్దు, బండి వంచొద్దు, నిటారుగా దాటెయ్యండి.

గాలి: 70 కిలోల మనిషికి 1.75లో ముందు 45, వెనక 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టి సర్దుకోండి. టైరు మీద రాసిన గరిష్ఠం దాటొద్దు.

గేర్‌సైకిల్_గాజువాక:
ట్యూబు సంగతి మరిచాను. 1.9-2.125 అని ఉన్నది సన్న టైరులో మడత పడి, ఆ మడత దగ్గరే కారుతుంది. 1.5-1.75 రాసినది తీసుకోండి. రిమ్ టేపు (రిమ్ము లోపల స్పోకు తలల్ని కప్పే పట్టీ) కూడా చూడండి, పక్కకి జరిగితే స్పోకు తల ట్యూబుని పొడుస్తుంది.

ఎక్కించేటప్పుడు వాల్వ్‌కి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి. చివర్లో వాల్వ్‌ని ఒకసారి లోపలికి నొక్కితే టైరు అంచు కింద ట్యూబు ఇరుక్కోదు. సగం గాలి కొట్టి చక్రం తిప్పండి. రిమ్ము పక్కన టైరు మీద కనిపించే గీత చుట్టూ ఒకే ఎత్తులో లేకపోతే గాలి తీసి సర్దాలి.

పెడల్_పెందుర్తి:
స్పీడోమీటరు ఉంటే చక్రం చుట్టుకొలత మార్చండి, లేకపోతే దూరం ఎక్కువ చూపిస్తుంది.