పక్షవాతం తర్వాత రాగాలు గుర్తుపట్టలేకపోతున్న నాన్నగారి విషయంలో సలహా కోరుతున్నాను

మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాము. డెబ్బై ఒక్క ఏళ్ల మా నాన్నగారికి ఏడు నెలల క్రితం మెదడు కుడివైపు రక్తనాళం పూడుకుని పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది, మాట ఏమాత్రం చెడలేదు, వినికిడి పరీక్షలోనూ లోపం కనిపించలేదు; కానీ నలభై ఏళ్లు కర్ణాటక సంగీతం విన్న మనిషి ఇప్పుడు మోహనకూ హంసధ్వనికీ తేడా చెప్పలేకపోతున్నారు, తంబురా శ్రుతి గిన్నెలు మోగినట్టుందని విసుక్కుంటున్నారు. విచిత్రమేమిటంటే, సాహిత్యం వినగానే కీర్తన పేరు చెబుతారు, ఆది తాళం తప్పకుండా వేస్తారు, స్వరం ఒక్కటే ఆయనకు అందడం లేదు.

దీనిని అమ్యూజియా అంటారని, మెదడులో కుడి కణత వైపు ఉండే టెంపోరల్ భాగం దెబ్బతిన్నప్పుడు ఇది ఎక్కువగా కనిపిస్తుందని చదివాను. ఫిన్లాండ్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పక్షవాతం వచ్చిన తొలి నెలల్లో రోజూ పాటలు విన్నవారికి మాటలకు సంబంధించిన జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మెరుగుపడ్డాయి. అయితే వినడమే బాధగా ఉన్న మనిషికి దానిని ఎలా వర్తింపజేయాలి?

మీ ఇళ్లలో ఎవరికైనా ఈ స్థితి వచ్చి తగ్గిందా? సరళీ స్వరాల నుంచి మళ్లీ మొదలుపెట్టించడం మేలా, కొంతకాలం సంగీతం ఆపడం మేలా? మాంట్రియల్‌లో రూపొందించిన అమ్యూజియా పరీక్ష పాశ్చాత్య బాణీలతో ఉంటుంది కనుక, మన స్వరాలతో పరీక్షించగల స్పీచ్ థెరపిస్టు విజయవాడలోగాని గుంటూరులోగాని ఉంటే దయచేసి తెలియజేయగలరు.