ఏజెంట్ల డిఐడిని బ్లాక్‌చెయిన్ వాలెట్‌తో ముడిపెట్టాలా?

గోదారిగట్టు:
మేం నలుగురం కలిసి టోకు కిరాణా ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఏజెంట్ తయారుచేస్తున్నాం. ఇప్పుడు దాని డిఐడి (ఏ కేంద్ర సంస్థా ఇవ్వని డిజిటల్ గుర్తింపు) డిఐడి:వెబ్ రకం, అంటే మా డొమైన్‌లో పెట్టిన ఒక జేసన్ ఫైలు. మా సంతకాలను సరిచూసే కీ అందులో ఉంటుంది. 2025 ఆగస్టులో ఏజెంట్ల కోసం వచ్చిన ఈఆర్‌సీ-8004 ప్రతిపాదన ప్రకారం దీన్ని ఇథీరియం బ్లాక్‌చెయిన్‌లో (రాసింది చెరిగిపోని ఉమ్మడి లెడ్జర్‌లో) కూడా వాలెట్ పేరున, అంటే సొంత కీ ఉన్న అక్కడి ఖాతా పేరున, రిజిస్టర్ చేసి రెండూ కలపమని మాలో ఒకరు పట్టుబడుతున్నారు. కలపాలా, వద్దా?

తాళంచెవి:
తప్పకుండా కలపండి. పోయినేడు మా డొమైన్ రెన్యూవల్ మెయిల్ స్పామ్‌లో పడిపోయింది. మేం చూసుకునేలోపు ఇంకెవరో కొనేశారు. వాళ్లు అక్కడ తమ కీతో ఫైలు పెడితే మా ఏజెంట్ పేరు వాళ్లదే. మూడు వారాలు నిద్ర లేదు. చెయిన్‌లో ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

నల్లమల:
ఈఆర్‌సీ-8004లో ఏజెంట్ గుర్తింపు అంటే ఈఆర్‌సీ-721 టోకెన్, చెయిన్‌లో యజమాని ఎవరో చూపే పట్టా లాంటిది. దాన్ని ఎవరికైనా అమ్మొచ్చు. రెండేళ్లు మంచి పేరు తెచ్చుకున్న ఏజెంట్‌ను రేపు ఒక మోసగాడు కొంటే, ఆ పేరుతో సహా వాడి చేతికి పోతుంది.

తాళంచెవి:
డొమైన్ అమ్మరా? చెయిన్‌లో అయితే ఏ రోజు చేతులు మారిందో అందరికీ కనబడుతుంది.

సీలేరు:
గ్యాస్ ఖర్చు, అంటే చెయిన్‌లో రాసినప్పుడల్లా కట్టే ఫీజు, ఎవరు పెట్టుకుంటారు?

నల్లమల:
నాదింకో ప్రశ్న. నా డిఐడి ఫైలులో మీ వాలెట్ అడ్రస్ రాసుకుంటే మీ ఏజెంట్ నాదైపోతుందా?

తాళంచెవి:
అవదు. చెయిన్‌లోని రిజిస్ట్రేషన్ కూడా మీ డిఐడిని చూపించాలి, వాలెట్ కీతో సంతకమూ ఉండాలి. ఇదంతా తెలిసిందే కదా.

నల్లమల:
మీరు పైన చెప్పలేదు. "కలపండి" అన్నారంతే. కొత్తవాళ్లు ఒకవైపు రాసి పని అయిపోయిందనుకుంటారు.

తాళంచెవి:
ప్రతి అక్షరం విడమరిచి చెప్పాలా? మీరు మొదట్నుంచీ వద్దనాలనే కూర్చున్నారు.

మానేరు:
గొడవ వద్దు. డిఐడి:ఇథర్ చూశారా? ప్రతి ఇథీరియం అడ్రసూ లావాదేవీ లేకుండానే డిఐడి అవుతుంది. తర్వాత కీ మార్చుకున్నా డిఐడి మారదు.

నల్లమల:
పాత కీ చేతిలో ఉంటేనే మార్చుకోగలం అన్నా. నా సంగతి చెబుతాను. ఒక కంపెనీకి కాంట్రాక్టు పని చేశాను. "ఈ రాత్రికే లైవ్ వెళ్లాలి, నీ వాలెట్ పెట్టు" అన్నారు, పెట్టాను. తర్వాత ఇల్లు మారేటప్పుడు సీడ్ పదాలు (వాలెట్‌ను తిరిగి తెరిచే పదాలు) రాసుకున్న డైరీ పోయింది, ఆ నెలలోనే వాలెట్ ఉన్న ఫోనూ పోయింది. వాళ్ల ఏజెంట్ ఆ తర్వాత దొంగ బిల్లులు పంపింది. దాని యజమానిగా ఈ రోజుకీ నా అడ్రసే ఉంది. తీసేయడానికి సంతకం పెట్టలేను. వాళ్లకు రాస్తే జవాబు లేదు. మొన్న ఇంటర్వ్యూలో ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టారు.

తాళంచెవి:
ఇది మొదటే చెప్పాల్సింది. బాధగా ఉంది. కానీ నా వైపు కూడా వినండి. మా ఏజెంట్ దగ్గర అడ్వాన్సు తీసుకున్న సప్లయర్ ఏజెంట్ ఒకటి మాయమైంది. అదీ డిఐడి:వెబ్బే. డొమైన్ లేదు, ఫైలు లేదు, కీ లేదు. ఫిర్యాదులో ఎవరి పేరు రాయాలో తెలియక తిరిగొచ్చాను. అందుకే చెరిగిపోని చోట ఉండాలంటున్నాను. కీ, డొమైన్ సంగతి తర్వాత.

నల్లమల:
నా పోరాటమూ అదే. మీకు చెరగకుండా ఉండాలి, నాకు తప్పుగా పడిన నా పేరు తీసేసే దారి ఉండాలి. ఇది ముందే అనుకుని ఉంటే ఇంతసేపు సంతకాల గురించి కొట్టుకునేవాళ్లం కాదు.

గోదారిగట్టు:
అలాగైతే మనుషుల వాలెట్లు పెట్టకుండా కంపెనీ పేరున మల్టీసిగ్ (పలువురి సంతకాలతో నడిచే) వాలెట్ పెడితే? ముగ్గురిలో ఇద్దరు సంతకం చేయాలి. ఒకరి కీ పోతే మిగతా ఇద్దరూ కలిసి మార్చొచ్చు.

మానేరు:
బాగుంటుంది. అయితే మల్టీసిగ్ అంటే చెయిన్‌లో నడిచే ఒక ప్రోగ్రామ్ (స్మార్ట్ కాంట్రాక్ట్), దానికి సొంత ప్రైవేట్ కీ ఉండదు. అవతలివాళ్ల సాఫ్ట్‌వేర్ ఈఆర్‌సీ-1271 పద్ధతిలో ఆ ప్రోగ్రామ్‌నే అడిగి సంతకం సరిచూడాలి. అలా చేస్తుందో లేదో ముందే కనుక్కోండి.

నల్లమల:
దానికైతే సగం ఒప్పుకుంటాను. కాంట్రాక్టు మనిషి పని మానేసిన రోజే అతని కీ తీసేస్తామని ఒప్పందంలో రాయండి. నోటిమాట వద్దు.

తాళంచెవి:
తీసేయండి, కానీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఆ కీ పనిచేసిందో కనబడాలి. అది దాచేస్తే నేను ఒప్పుకోను.

నల్లమల:
తేదీలు ఉండనివ్వండి. నేను వెళ్లిపోయాక పంపిన బిల్లులు నావి కావని వాటితోనే తెలుస్తుంది.